పెట్టె సర్దుకోవడానికి స్పానిష్ మాటలు కావాలి, పంతొమ్మిది రోజులే ఉన్నాయి

కాబోయే_అమ్మమ్మ
మా అమ్మాయికి మాడ్రిడ్‌లో పురుడు. అల్లుడి ఉద్యోగం అక్కడే. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లి విమానం ఎక్కాలి, మధ్యలో ఒకచోట మారాలి, ఒక్కదాన్నే దిగాలి. మూడు నెలలుగా ఫోనులో స్పానిష్ నేర్చుకుంటున్నాను. ఒక్క రోజు కూడా మానలేదు. పిల్లి పాలు తాగుతుంది, నా తమ్ముడు ఆపిల్ తింటాడు అనే వాక్యాలు నిద్రలో అడిగినా చెబుతాను.

నిన్న అటక మీది పెట్టె దించి, తుడిచి, మంచం మీద తెరిచి పెట్టాను. ఎదురుగా చీరలు, స్వెట్టరు, రక్తపోటు మాత్రలు, ఆవకాయ సీసా, తువాలు, తాళం. ఒక్కదానికీ పేరు రాలేదు. ఆఖరికి పెట్టెను ఏమంటారో కూడా తట్టలేదు. ఇన్నాళ్ల కష్టం ఏమయిందని కళ్లనీళ్లు తిరిగాయి. దయచేసి పెట్టెకు, ప్రయాణానికి పనికివచ్చే మాటలు చెప్పండి. వ్యాకరణం తరవాత చూసుకుంటాను.

దారి_దీపం
ఇంత బెంగ దేనికండీ? మాడ్రిడ్ విమానాశ్రయంలో బోర్డులన్నీ ఇంగ్లీషులోనూ ఉంటాయి. మాట్లాడితే అనువదించే ఫోను చేతిలో ఉంది. ఈ పంతొమ్మిది రోజులూ అమ్మాయికి కావలసినవి సమకూర్చుకోండి. భాష అక్కడికి వెళ్లాక వస్తుంది.

మాడ్రిడ్_మాధవి
దారి_దీపం గారూ, బోర్డులు చదవడానికి ఇంగ్లీషు చాలు. పెట్టె రాని రోజున చాలదు.

నేను మొదటిసారి దిగినప్పుడు నా పెట్టె రాలేదు. ఫోనులో చార్జింగు రెండు శాతం. కౌంటరులో ఉన్నావిడకు ఇంగ్లీషు అంతంత మాత్రం. పెట్టె ఎలా ఉంటుంది అని అడిగింది. మా అమ్మ తన పాత పట్టుచీర ఎర్ర అంచు చించి పెట్టె పిడికి కట్టి పంపింది. అదే ఆనవాలు. రిబ్బనును 'థింతా' అంటారని ఎక్కడో చదివిన గుర్తు. 'థింతా, థింతా' అని చెబుతూనే ఉన్నాను. ఆవిడ తెర వైపు చూపిస్తూ నంబరు ఎంత అని అడుగుతూనే ఉంది. సామాను తిరుగుతూ వచ్చే పట్టీని కూడా 'థింతా' అనే అంటారని నాకు అప్పటికి తెలియదు. పది నిమిషాలు ఇద్దరం చెరొక దారిలో నడిచాం. చివరికి నా చున్నీ కొసను బల్ల మీది సంచి పిడికి ముడి వేసి చూపించాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. 'ఆ! ఉనా థింతా ఱోఖా!' ఎర్ర రిబ్బను. మూడో రోజు పెట్టె ఇంటికి వచ్చింది.

అందుకే పిన్నిగారూ, మీరు అడిగింది చాలా సరైన ప్రశ్న. పెట్టె 'మలేతా'. సామాను మొత్తాన్ని 'ఎకిపాఖె' అంటారు. చేతి సామాను 'ఎకిపాఖె దె మానొ'. పెట్టె సర్దడాన్ని స్పెయిన్‌లో 'అథేర్ ల మలేతా' అంటారు, అంటే పెట్టెను చేయడం. విప్పి సామాను తీయడం 'దెసథేర్ ల మలేతా'.

కాబోయే_అమ్మమ్మ
మాధవీ, పట్టుచీర అంచు సంగతి చదివి లేచి వెళ్లి నా పెట్టె చూశాను. నల్లది. అందరివీ నల్లవే కదా. మా అమ్మాయి ఓణీల ఫంక్షను లంగా అంచు దాచాను, ఆకుపచ్చది. అది కడతాను. ఆకుపచ్చ అంటే 'బేర్దె' అని పాఠంలో వచ్చింది. 'ఉనా థింతా బేర్దె' అంటే సరిపోతుందా?

మాడ్రిడ్_మాధవి
సరిపోవడం ఏమిటి, అచ్చంగా అదే. 'ఉనా మలేతా నేగ్రా, కోన్ ఉనా థింతా బేర్దె.' నల్ల పెట్టె, ఆకుపచ్చ రిబ్బనుతో. ఈ ఒక్క వాక్యం రోజూ పదిసార్లు అనండి. పెట్టె రాకపోతే 'మి మలేతా నొ ఆ యెగాదొ' అనండి. నా పెట్టె రాలేదు అని. అక్కడి నుంచి బయటికి రాకముందే ఫిర్యాదు కాగితం రాయించుకోవాలి. దాని పేరు 'పార్తె దె ఇఱెగులరిదాద్ దె ఎకిపాఖె'. పేరు పొడుగే కాని, పి.ఐ.ఆర్. అన్నా అర్థమవుతుంది.

కాగితం_పులి
దీనికి ఒక ముక్క చేరుస్తాను. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పెట్టె పగిలో చినిగో వస్తే అందిన 7 రోజుల లోపు, ఆలస్యంగా వస్తే చేతికి అందిన 21 రోజుల లోపు విమాన సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి. మాటతో చెప్పి వచ్చేస్తే లెక్కలోకి రాదు. ఇల్లు వదిలే ముందు తెరిచిన పెట్టెకు ఒకటి, మూసిన పెట్టెకు ఒకటి ఫొటోలు తీసుకోండి.

అనంత_నేల
మా ఊళ్లో స్పానిష్ కొత్త సంగతి కాదు. బార్సిలోనాలో పుట్టిన విసెంతె ఫెర్రర్ గారు 1969లో అనంతపురం వచ్చి ఆర్.డి.టి. అనే గ్రామీణ సేవా సంస్థ మొదలుపెట్టిన నాటి నుంచి స్పెయిన్ వాళ్లు వస్తూనే ఉన్నారు. 2009లో ఆయన పోయారు, రాకపోకలు ఆగలేదు. తాము చదివిస్తున్న పిల్లలను చూడటానికి వస్తారు. వాళ్లను పల్లెలకు తీసుకువెళ్లి రెండు వైపులా మాట అందించే పని నేను కొన్నాళ్లు చేశాను.

నాకు పెట్టె మాటలు వచ్చింది క్లాసులో కాదు. ఒకసారి వలెన్సియా నుంచి ఒక పెద్దావిడ బెంగళూరులో దిగి కారులో మా ఊరు వచ్చింది. పెట్టె రాలేదు. ఒంటి మీది బట్టలే. మర్నాడు పొద్దున్నే ఆవిడను బజారుకు తీసుకువెళ్లాను. దుకాణంలో గల్లా మీద ఒక్కొక్క వస్తువూ చేత్తో పట్టుకుని పేరు చెప్పింది. పళ్ల బ్రష్షు 'థెపీయొ దె దియేంతెస్'. దువ్వెన 'పేయ్‌నె'. లోదుస్తులు 'ఱోపా ఇంతెరియోర్'. మేజోళ్లు 'కల్థెతీనెస్'. సబ్బు వాసన చూసి 'ఖబోన్' అంది. చేరుమాలు మడిచి నా చేతిలో పెట్టి 'పఞ్వేలొ' అంది. గంటలో పద్నాలుగు మాటలు. క్లాసులో రాసుకున్నవి ఎన్నో పోయాయి, ఈ పద్నాలుగూ పోలేదు.

కాబట్టి అమ్మా, మీరు జాబితా పట్టుకుని కూర్చోవద్దు. పెట్టెలో పెట్టే ప్రతి వస్తువునూ చేత్తో పట్టుకుని, పైకి దాని పేరు చెప్పి, అప్పుడు పెట్టండి. మర్నాడు అన్నీ బయటికి తీసి మళ్లీ మొదటి నుంచి.

కాబోయే_అమ్మమ్మ
ఇది నాకు నచ్చింది. పెట్టెను మంచం మీదే ఉంచేస్తాను. మా వారు హాల్లో పడుకుంటారు.

అక్షర_ప్రియ
అనంత_నేల గారు రాసిన 'పఞ్వేలొ' చూసి ప్రాణం లేచి వచ్చింది. బడిలో ఞ ఎందుకు నేర్పారని అందరూ అడుగుతారు. ఇదిగో, ఇందుకు. స్పానిష్ వాళ్లకు ఈ ధ్వనికి ప్రత్యేకంగా ఒక అక్షరమే ఉంది. వాళ్ల దేశం పేరే 'ఎస్పాఞా'. ఈత దుస్తులు 'బఞదోర్'. స్నానాల గది 'బాఞొ'. అలాగే బండి ర. మాట మొదట్లో వచ్చే ర, మధ్యలో జంటగా వచ్చే ర నాలుక గట్టిగా ఆడించి పలకాలి. బట్టలు 'ఱోపా', టోపీ 'గోఱా'. మామూలు ర వేరు. ఇంగ్లీషు లిపిలో రాసుకుంటే ఈ తేడాలన్నీ చచ్చిపోతాయి. తెలుగులో రాసుకోండి.

ఇంకొక మేలు ఉంది. స్పానిష్‌లో ఊనిక ఎక్కడ పడుతుందో అక్కడ దీర్ఘం పెట్టుకుంటే సరిపోతుంది. మ-లే-తా. చివరి 'తా'ను తేల్చి పలకాలి, ఊనిక 'లే' మీదే. ట, డ లు రాయవద్దు. వాళ్లవి మన త, ద లే. హైదరాబాదులో ఇఫ్లూలో, అంటే విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో, స్పానిష్ చదివిన మా అక్క నోట్సు అంతా తెలుగు లిపిలోనే ఉండేది.

బడి_బల్ల
లిపి సంగతి ఒప్పుకుంటాను, 'థ' దగ్గర మాత్రం ఒప్పుకోను. మన థ ఒత్తి పలికేది. స్పెయిన్ వాళ్లు నాలుక కొసను పళ్ల మధ్య పెట్టి గాలి వదులుతారు. 'కథ'లో థ లాగా పలికితే వాళ్లకు మరొకలా వినిపిస్తుంది. అది రాకపోతే 'స' అనండి. మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా అందరూ స అనే అంటారు, స్పెయిన్ వాళ్లకూ అర్థమవుతుంది.

అక్షర_ప్రియ
బడి_బల్ల గారి సవరణ సరైనదే. పిన్నిగారూ, రాసుకునేటప్పుడు థ కింద ఒక గీత గీసుకోండి, పలికేటప్పుడు నాలుక గుర్తొస్తుంది.

నదీ_నదాలు
మీరు అందరూ ఒక సంగతి వదిలేశారు. తెలుగువాళ్ల పెట్టెలో సగం సామాను పేర్లు ఆ వైపు నుంచి వచ్చినవే. మన తువాలు పోర్చుగీసు 'తొఆల్యా'. స్పానిష్‌లో 'తొఆయా'. మన బొత్తాం వాళ్ల 'బొతోన్'. అల్మారా వాళ్ల 'అర్మారియొ'. బాల్చీ పోర్చుగీసు 'బాల్దె', స్పానిష్‌లోనూ 'బాల్దె'నే. పోర్చుగీసు, స్పానిష్ అక్కాచెల్లెళ్లు. ఓడల్లో వచ్చి మన ఇళ్లలో స్థిరపడిన మాటలను మళ్లీ విమానంలో తీసుకువెళుతున్నారు మీరు.

కాబోయే_అమ్మమ్మ
తువాలు తీసి పెట్టెలో పెడుతూ 'తొఆయా' అన్నాను. మా అమ్మ 'తువ్వాలు' అనే తీరు గుర్తొచ్చింది. ఇక ఈ మాట మరిచిపోవడం నా తరం కాదు.

గ్వాదలహారా_గోపి
నేను మెక్సికో నుంచి. అందరికీ ఒక హెచ్చరిక. ఏ దేశం వెళుతున్నారో ఆ దేశపు మాటలే నేర్చుకోండి. చలికి పైన వేసుకునే జాకెట్టును స్పెయిన్‌లో 'చకేతా' అంటారు. నేను ఆ మాట నేర్చుకుని మెక్సికో వచ్చి ఆఫీసులో మొదటి రోజే నా 'చకేతా' కనబడటం లేదన్నాను. ఇక్కడ అది బూతు. పక్క సీటు అతను నన్ను పక్కకు పిలిచి, ఇక్కడ 'చమాఱా' అనాలని మెల్లగా చెప్పాడు. మంచివాడు, ఈ రోజుకీ స్నేహితుడే.

పెట్టెను పట్టుకోవడానికి స్పెయిన్‌లో 'కొఖేర్' అంటారు. మెక్సికోలో, అర్జెంటీనాలో ఆ మాట నోట రానివ్వకండి. 'అగఱార్' అనండి. పెట్టెను కౌంటరులో అప్పగించడం స్పెయిన్‌లో 'ఫక్తురార్', మాకు 'దొకుమెంతార్'. టీషర్టు స్పెయిన్‌లో 'కమిసేతా', మాకు 'ప్లయేరా'. కళ్లద్దాలు వాళ్లకు 'గాఫాస్', మాకు 'లేంతెస్'. కారు డిక్కీ వాళ్లకు 'మలెతేరొ', మాకు 'కఖువేలా'.

ప్లగ్గుల సంగతి కూడా వేరే. స్పెయిన్‌లో మనలాగే 230 వోల్టులు. మెక్సికోలో 127. మా అత్తగారు తెచ్చిన మిక్సీ ఇక్కడ నీరసంగా తిరిగింది.

దక్షిణ_ధ్రువతార
బ్యూనస్ ఐరిస్‌లో రెండేళ్లు ఉన్నాను. అక్కడ పెట్టె 'మలేతా' కాదు, 'బలీఖా'. టీషర్టు 'ఱెమేరా'. జాకెట్టు 'కంపేరా'. మేజోళ్లు 'మేదియాస్'. స్పెయిన్‌లో 'మేదియాస్' అంటే ఆడవాళ్లు వేసుకునే పొడవాటివి. పైగా అక్కడ 'య' అన్నచోటల్లా 'ష' వినిపిస్తుంది. తువాలు 'తొఆషా' అవుతుంది.

దారి_దీపం
ఇదే నేను చెప్పేది. ఇన్ని దేశాలు, ఇన్ని మాటలు. నేర్చుకుని ఏ మూలకు?

గ్వాదలహారా_గోపి
ఆవిడ వెళ్లేది ఒక్క మాడ్రిడ్‌కు కదండీ. గోదావరి జిల్లాకు వెళ్లేవాళ్లు చిత్తూరు మాట, పాలమూరు మాట కూడా నేర్చుకుని బయలుదేరాలని ఎవరూ అనరు.

చాక్‌పీసు
ముప్ఫై ఏళ్లు భాష చెప్పినవాడిగా ఒక మాట. పేర్లు ఎన్ని నేర్చుకున్నా క్రియ లేకపోతే మాట నిలబడదు. నాలుగు చాలు. పెట్టడం 'మెతేర్'. తీయడం 'సకార్'. వెంట తీసుకెళ్లడం 'యెవార్', బట్టలు వేసుకుని ఉండటానికీ ఇదే మాట. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం, 'కబేర్'. పట్టడం. పెట్టెలో పట్టకపోతే 'నొ కాబె'. తెలుగులో 'పట్టదు' అని ఒక్క మాటలో అన్నట్టే.

అనంత_నేల గారు చెప్పినట్టు వస్తువు పట్టుకుని పేరు అనడం మంచిదే. దానికి 'మేతొ' చేర్చండి. 'మేతొ ల తొఆయా.' తువాలు పెడుతున్నాను. అప్పుడు అది వాక్యం అవుతుంది.

కాబోయే_అమ్మమ్మ
పంతులుగారూ, ఇవాళ పొద్దున మొత్తం పెట్టె మీరు చెప్పినట్టే సర్దాను. 'మేతొ ఎల్ థెపీయొ, మేతొ లాస్ గాఫాస్, మేతొ ల ఱోపా.' చివర్లో ఆవకాయ సీసా, నెయ్యి డబ్బా, సున్నుండలు మిగిలాయి. మూత పడలేదు. 'నొ కాబె' అన్నాను. మా వారు వంటింట్లో నుంచి ఏమైందని పరుగెత్తుకు వచ్చారు.

గోదారి_గట్టు
నెయ్యి డబ్బా తీసేయండి అమ్మగారూ! యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకువెళ్లనివ్వరు. నెయ్యి అందులోకే వస్తుంది. దొరికితే తీసి పారేస్తారు.

కాబోయే_అమ్మమ్మ
బాలింతకు నెయ్యి లేకుండా ఎలాగండీ? సున్నుండలూ నెయ్యితోనే కట్టాను.

మాడ్రిడ్_మాధవి
బెంగపడకండి. ఇక్కడ ప్రతి దుకాణంలో వెన్న దొరుకుతుంది. 'మంతెకీయా సిన్ సాల్' అని అడగండి, ఉప్పు లేని వెన్న. కాచుకుంటే కమ్మని నెయ్యి. నేను ఆరేళ్లుగా అలాగే చేస్తున్నాను. సున్నుండలు అక్కడ వదిలేసి, మినుములు వేయించి పిండి పట్టించి తీసుకురండి. బెల్లం కూడా. ఇక్కడ కడదాం.

పిండిని 'అరీనా' అంటారు. మధ్య అక్షరం జాగ్రత్త. 'అరేనా' అంటే ఇసుక. కస్టమ్స్ వాళ్లు సంచిలో ఏముందని అడిగినప్పుడు రెండు కిలోల ఇసుక అని చెప్పారనుకోండి, పెట్టె మొత్తం తెరిపిస్తారు.

గోదారి_గట్టు
పచ్చి కరివేపాకు కూడా వద్దు. మొక్కలకు, ఆకులకు, పళ్లకు తెగుళ్లు లేవనే ధ్రువపత్రం అడుగుతారు. అరటి, కొబ్బరికాయ, అనాస, ఖర్జూరం, దురియన్ పళ్లకు మాత్రం ఆ పత్రం అక్కరలేదు. కరివేపాకు పొడి కొట్టుకుని వెళ్లండి. ఆవకాయ చేతి సంచిలో పెట్టకండి. నూనె ఉన్న పచ్చడి ద్రవం కిందికి వస్తుంది, 100 మిల్లీలీటర్లు దాటితే తనిఖీలో ఆపుతారు. పెద్ద పెట్టెలోనే పెట్టండి. సీసా మూతకు ప్లాస్టిక్ కాగితం, దాని మీద గుడ్డ, ఆ పైన రెండు కవర్లు.

అనంత_నేల
ఆవకాయ గురించి అడిగితే 'ఎన్‌కుర్తీదొ దె మాంగొ, కసేరొ' అనండి. మామిడికాయ ఊరగాయ, ఇంట్లో పెట్టింది. వెంటనే 'సిన్ లేచె, సిన్ కార్నె' అని చేర్చండి. పాలు లేవు, మాంసం లేదు. అడిగే ప్రశ్న ఇలా ఉంటుంది: 'కే యేవా ఎన్ ల మలేతా?' పెట్టెలో ఏం తీసుకెళుతున్నారు అని. 'యేవొ' అని మొదలుపెట్టి వస్తువుల పేర్లు చెప్పుకుంటూ పోతే చాలు.

వైద్య_సాయం
మందుల సంగతి ఎవరూ రాయలేదు. రక్తపోటు మాత్రలు పెద్ద పెట్టెలో వేయకండి, చేతి సంచిలోనే ఉండాలి. పెట్టె మూడు రోజులు ఆలస్యమైతే మాత్రలు మానడానికి వీల్లేదు కదా. అట్టలతో సహా, డాక్టరు చీటీతో సహా పెట్టుకోండి. స్పెయిన్‌లో రక్తపోటు మాత్రలు 'పస్తీయాస్ పర ల తెన్సియోన్'. మందుల చీటీ 'ఱెథేతా'. వంట చేసే విధానాన్ని కూడా 'ఱెథేతా' అనే అంటారు, కాబట్టి ఎక్కడ వినిపించినా కంగారుపడకండి. మందుల దుకాణం ముందు ఆకుపచ్చ శిలువ గుర్తు వెలుగుతూ ఉంటుంది.

కొండదారి
నాది వేరే రకం సర్దుడు, అయినా చెబుతాను. స్పెయిన్‌లో సాంతియాగో దాకా కాలినడకన చేసే క్రైస్తవ యాత్ర నడిచాను. సారియా నుంచి సాంతియాగో దాకా సుమారు 115 కిలోమీటర్లు. చివరి 100 కిలోమీటర్లు నడిస్తే ధ్రువపత్రం ఇస్తారు, దారి పొడవునా ముద్రలు వేయించుకోవాలి. ఆ పుస్తకం 'క్రెదెన్థియాల్', ముద్ర 'సేయొ'. వీపు సంచి 'మొచీలా'. అది మన బరువులో పదో వంతు మించకూడదని అందరూ చెప్పారు. నేను వినలేదు, మొదటి సాయంత్రానికే భుజాలు కమిలిపోయాయి. మర్నాడు ఒక జత ప్యాంటు, రెండు పుస్తకాలు సత్రంలో వదిలేశాను. వానకోటు 'చుబస్కేరొ', చేతి కర్రలు 'బస్తోనెస్', బొబ్బలు 'అంపోయాస్'. 'తపోనెస్' తప్పనిసరి. చెవిలో పెట్టుకునేవి. సత్రంలో ఇరవై మంది ఒకే గదిలో గురక పెడతారు.

దారి_దీపం
'మొచీలా' విన్నారా, మా ముత్తవ్వ మూటను 'మోపు' అనేది. మాటకు చుట్టరికం లేకపోయినా వినడానికి దగ్గరగా ఉంది.

సరే, నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇవన్నీ ఫోనులో వెతికితే వచ్చేవి కావు.

కాబోయే_అమ్మమ్మ
దారి_దీపం గారూ, అలా అనకండి. మీరు అన్నందుకే ఇందరు ఇన్ని చెప్పారు.

నిన్న పక్కింటి దుకాణం కాటా తెచ్చి తూచాం. 25 కిలోల 400 గ్రాములు. నాకు ఉన్నది 23. పంతులుగారూ, ఎక్కువైందని ఎలా అనాలి?

చాక్‌పీసు
'సోబ్రాన్ దోస్ కీలోస్.' రెండు కిలోలు మిగులు. తక్కువైతే, ఒక పెట్టె కనబడకపోతే 'ఫాల్తా ఉనా మలేతా'. 23 అంటే 'బెయింతిత్రేస్'. కౌంటరులో ఈ అంకె వినబడుతుంది, చెవికి అలవాటు చేసుకోండి.

మాడ్రిడ్_మాధవి
పిన్నిగారూ, బియ్యం, కందిపప్పు తీసేయండి. ఇక్కడ లవపియెస్ పేటలో మన దేశపు దుకాణాలు ఉన్నాయి, అన్నీ దొరుకుతాయి. మీ చేతి ఆవకాయ మాత్రం దొరకదు.

దిగాక ఒక సంగతి. మీ విమానం నాలుగో టెర్మినల్‌కు (టీ4) అనుబంధంగా ఉన్న టీ4ఎస్ భవనంలో ఆగితే పాస్‌పోర్టు అక్కడే చూస్తారు. ఆ తరవాత నేల కింద నడిచే చిన్న రైలు ఎక్కి టీ4కు రావాలి. పెట్టెలు అక్కడ వస్తాయి. 'ఱెకొఖీదా దె ఎకిపాఖెస్' అనే బోర్డు వెంట నడవండి. రైలు ఎక్కమంటే తప్పు దారిలో వచ్చానేమో అని చాలామంది భయపడతారు, మీరు భయపడకండి.

కాగితం_పులి
పవర్ బ్యాంకు చేతి సంచిలోనే. కత్తెర, చాకు పెద్ద పెట్టెలోనే. తారుమారు చేయకండి.

అనంత_నేల
ఆ పెట్టె మీరే సర్దుకున్నారా అని కౌంటరులో అడగవచ్చు. 'ఆ ఏచొ ఉస్తేద్ ల మలేతా?' 'సీ, యో మీస్మా.' అవును, నేనే. పందొమ్మిది రోజులు సర్దారు కదా, ఈ జవాబు ధీమాగా చెప్పండి.

కాబోయే_అమ్మమ్మ
మాడ్రిడ్ నుంచి రాస్తున్నాను. నేను వచ్చి నాలుగు రోజులైంది. నేల కింద రైలు, మాధవి చెప్పినట్టే. పట్టీ దగ్గర నల్ల పెట్టెలు వరసగా వచ్చాయి. మా అమ్మాయి లంగా అంచు దూరం నుంచే కనిపించింది. పక్కన ఒక పెద్దాయన దాన్ని దించడానికి సాయం పట్టి, 'ఎస్ సూయా?' అని అడిగారు. మీదేనా అని. 'సీ, ఎస్ మీయా' అన్నాను. ఎక్కడా నేర్చుకున్న మాట కాదు, ఎలా వచ్చిందో వచ్చేసింది. కస్టమ్స్‌లో ఎవరూ ఆపలేదు. ఆవకాయ వాక్యం చెప్పే అవకాశమే రాలేదు, అది ఇంట్లో అల్లుడికి చెప్పాను.

టాక్సీ అతను పెట్టె ఎత్తబోతుంటే 'ఎన్ ఎల్ మలెతేరొ, పోర్ ఫవోర్' అన్నాను. మా అమ్మాయి ఎదురుగా నిలబడి నోరు తెరిచి చూసింది.

ఇప్పుడు ఇంకొక పెట్టె సర్దాలి. ఆసుపత్రికి. అమ్మాయి ఒక కాగితం ఇచ్చింది, 'కనస్తీయా' అని పైన రాసి ఉంది. కింద అన్నీ చిన్న చిన్న మాటలు. తనను అడుగుదామంటే పడుకునే వేళ అవుతోంది, అలిసిపోయి ఉంది. మాధవీ, నువ్వు చెప్పు.

మాడ్రిడ్_మాధవి
'కనస్తీయా' అంటే పుట్టబోయే బిడ్డకు సిద్ధం చేసుకునే బట్టలు, సామాను. ఒకప్పుడు బుట్టలో పెట్టేవారు, 'కనాస్తా' అంటే బుట్ట. 'పఞాలెస్' డైపర్లు, మన ఞ మళ్లీ వచ్చింది చూడండి. 'బోదీస్' అంటే కాళ్ల మధ్య గుండీలు పడే చొక్కాలు. 'అఱూయొ' బిడ్డను చుట్టే మెత్తని దుప్పటి. 'మనోప్లాస్' చేతులకు తొడిగే చిన్న సంచులు, గోళ్లతో ముఖం గీరుకోకుండా. 'గోఱొ' టోపీ. అమ్మాయికి 'కమిసోన్', ముందు వైపు తెరుచుకునే నైటీ. 'థపతీయాస్' ఇంట్లో తొడుక్కునే మెత్తని చెప్పులు.

అక్షర_ప్రియ
'గోఱా' పెద్దవాళ్ల అంచు టోపీ, 'గోఱొ' ఊలు టోపీ. రెండూ బండి రలే.

కాబోయే_అమ్మమ్మ
'గోఱొ' నేనే అల్లి తెచ్చాను, విమానంలో కూర్చుని ముగించాను. 'మేతొ ఎల్ గోఱొ' అని సంచిలో పెట్టాను ఇప్పుడే. పసుపుపచ్చ ఊలు. ఆసుపత్రిలో నర్సు అడిగితే రంగు చెప్పాలి. పసుపును ఏమంటారు?

మాడ్రిడ్_మాధవి
అమరీయొ.